పాలపిట్ట దాచుకున్న నీలం

దసరా నాడు పాలపిట్ట కోసం జనం ఊరు దాటి వెతుకుతారు గానీ, నేలకొండపల్లిలో బాలసముద్రం చెరువు వైపు వెళితే భాద్రపదంలోనే కనిపిస్తుంది. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపూ మట్టిరంగు రొమ్ము, లావుపాటి తల, అంతే. మిడతను చూసి గట్టు మీదికి దూకినప్పుడు చూడాలి దాన్ని! రెక్కల్లో లేతనీలం, ముదురునీలం పట్టీలు భగ్గుమంటాయి. తమాషా ఏమిటంటే, ఆ ఈకల్లో నీలిరంగు పదార్థమే లేదు. ఈక లోపలి సూక్ష్మమైన అల్లిక వెలుగును చెదరగొట్టడం వల్ల పుట్టే రంగది.

2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పక్షిని చేసింది. అయినా పండగ పూట పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులకు చూపించేవాళ్లున్నారు. అదేం పుణ్యమో!

బౌద్ధస్తూపం దారిలో గునుగు తెల్లబడింది, తంగేడు పూసింది. బతుకమ్మకు ఇక కొదవలేదు. నాకు మాత్రం సాయంత్రం పొట్టమీదున్న వరిపైన ముసిరే తూనీగలే వింత. వాటిలో ఒక జాతి మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా, సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వలస పోతుందని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మా పిల్లలు మాత్రం వాటి తోకలకు దారాలు కడుతూనే ఉన్నారు.