కిలోకు ఎనభై పైసలు

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో అమ్మకాలు తెల్లవారకముందే మొదలై, ఎండ ముదిరేసరికి సద్దుమణుగుతాయి. నేను వెళ్లేసరికి బేరాలు అయిపోయాయి. హమాలీలు ఖాళీ క్రేట్లు పేరుస్తున్నారు. కమీషన్ ఏజెంట్లు చీటీలు ముందేసుకుని లెక్కలు తేల్చుకుంటున్నారు. నేల మీద మిగిలింది పచ్చటి బురద. క్యాబేజీ పై ఆకులు, మొక్కజొన్న పొట్టు, కాలీఫ్లవర్ కాడలు, కాళ్ల కింద నలిగిన టమాటాలు, ముదిరిపోయిన బెండకాయలు. అందరూ ఇక్కడికి కూరగాయల కోసం వస్తారు. నేను ఆ బురద ఎటు పోతుందో చూద్దామని వచ్చాను.

ఇదివరకు అది లారీలెక్కి ఊరి బయటి డంపింగ్ యార్డుకు పోయేది. ఇప్పుడు మార్కెట్ ఆవరణలోనే దానికో ప్లాంటు ఉంది. తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో డాక్టర్ ఎ. గంగాగ్నిరావు బృందం రూపొందించిన బయోగ్యాస్ పద్ధతి ఇది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, రాష్ట్ర వ్యవసాయ మార్కెటింగ్ శాఖ డబ్బు పెట్టాయి. అహుజా ఇంజనీరింగ్ సర్వీసెస్ కట్టింది. 2021 జనవరి 31న ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో దీని గురించి చెప్పడంతో దేశమంతా తెలిసింది. అప్పుడు ఆయన చెప్పిన అంకెలు మూడు: రోజుకు 10 టన్నుల చెత్త, దాన్నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్. వాటినే కాగితం మీద రాసుకుని వెళ్లాను.

ప్లాంటు ముందు చెత్త బండి దించుతున్నారు. మొదట కనిపించేది యంత్రాలు కాదు, చేతులు. గ్లవుజులు తొడుక్కున్న నలుగురైదుగురు ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. అందులో పెద్దావిడ పక్కన గోనెసంచి నిండుతోంది. “ఏమేం వస్తాయమ్మా ఇందులో?” అన్నాను.

“ఏం రావో అడుగుండ్రి సార్. చాయ్ కప్పులు, గుట్కా పాకెట్లు, తెగిన చెప్పులు, సీసాలు. అన్నీ కాయగూరలల్లనే కలిసొస్తయి.” మాట్లాడుతూనే కొత్తిమీర కట్ట ఒకటి తీసి, దానికి చుట్టిన సుతిలి తాడు విప్పి నా ముందు పెట్టింది. “గిదైతే మాకు పెద్ద పరేషాన్. చూస్తే బెత్తెడే ఉంటది. గా మిషిన్ల పడ్డదంటే బ్లేడుకు చుట్టుకుంటది. పని బంద్.”

ఆకుకూర కట్ట ఒక్కొక్కదానికీ తాడు ఉంటుంది. కొన్నిటికి రబ్బరు బ్యాండు ఉంటుంది. ఆవిడ వేళ్లు వాటిని చూడకుండానే పట్టేస్తున్నాయి. కోట్లు పెట్టి కట్టిన ప్లాంటు నడవాలంటే ముందు ఆ వేళ్లు నడవాలి. మన ఇంట్లో తడి, పొడి చెత్త ఒకే బుట్టలో పడేసినప్పుడు ఇలాంటి పని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. అక్కడ గ్లవుజులైనా ఉంటాయో ఉండవో.

ఏరిన చెత్త కన్వేయర్ బెల్టు ఎక్కి క్రషర్‌లో పడుతుంది. కరకరమని నలిగి, నీళ్లు కలిశాక చిక్కటి స్లరీగా మారి తొట్టిలోకి చేరుతుంది. అక్కడి నుంచి గాలి చొరబడని పెద్ద ట్యాంకులోకి పంపు చేస్తారు. అసలు పని జరిగేది అందులోనే. ఒక రకం సూక్ష్మజీవులు ఆకునూ, కాయనూ ఆమ్లాలుగా విరగ్గొడతాయి. ఇంకో రకం ఆ ఆమ్లాలను తిని మీథేన్ వదులుతాయి. ఈ రెండో రకానికి ఆక్సిజన్ తగిలితే పడదు. మొదటి రకం జోరు ఎక్కువైనా పడదు.

ప్లాంటు చూసుకునే కుర్రవాడు తేలిగ్గా చెప్పాడు. “ఇది ఆవు కడుపు లాంటిది సార్. వేళకు, కొలతగా పెట్టాలె. ఒక్కసారే కుమ్మరిస్తే అజీర్తి చేస్తది. నిమ్మకాయలు, బత్తాయిలు ఎక్కువ పడ్డ రోజు పులుపెక్కి గ్యాస్ పడిపోతది.” ఐఐసీటీ పద్ధతిలోని కిటుకు ఏమిటంటే, ట్యాంకులో పుట్టిన గ్యాసునే లోపలున్న స్లరీని కలియబెట్టడానికి వాడతారు. ఈ పద్ధతికి ‘గ్యాస్ లిఫ్ట్’ అన్న పేరు అందుకే వచ్చింది. సూక్ష్మజీవులకూ మేతకూ ఎడం తగ్గి, చెత్త తొందరగా అరుగుతుంది.

బయటికొచ్చిన గ్యాసులో సుమారు 60 శాతం మీథేన్ ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటుంది. దాన్ని వడగట్టకపోతే ఇంజిన్‌ను తినేస్తుంది. శుభ్రం చేసిన గ్యాస్ పెద్ద బెలూన్లలో నిండుతుంది. అందులో ఎక్కువ భాగం జనరేటర్‌కు పోతుంది. వందకు పైగా వీధిదీపాలు, 170 దాకా దుకాణాలు, ఆఫీసు భవనం, నీళ్ల మోటార్లు ఈ కరెంటు మీద నడిచేలా ఏర్పాటు చేశారు. మిగతాది పైపులో క్యాంటీన్ పొయ్యికి వెళ్తుంది. ఆ పొయ్యి మీద కాచిన చాయ్ తాగుతూ, నా కాగితం తీసి లెక్క మొదలుపెట్టాను.

యూనిట్ పది రూపాయలనుకుంటే, 500 యూనిట్లకు 5,000. హోటళ్లు వాడే 19 కిలోల సిలిండర్ రెండు వేలనుకుంటే, 30 కిలోల గ్యాసుకు మూడు వేల పైచిలుకు. రెండూ కలిపి ఎనిమిది వేలు. పది టన్నులంటే పదివేల కిలోలు. కిలో చెత్తకు ఎనభై పైసలు.

తప్పు చేశానేమోనని మళ్లీ వేశాను. అంతే వచ్చింది. స్లరీగా మిగిలే ఎరువు విలువ కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. కూలీ, మరమ్మతు తీసేస్తే ఆ పెరిగింది పోతుంది. యంత్రంలో లోపమేమీ లేదు. కూరగాయలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఆ నీళ్లను మోసి, నూరి, తిప్పి, మిగిలిన పిసరంత నుంచి గ్యాస్ తీయాలి. అందుకే రాబడి ఇంత తక్కువ.

అయితే ఈ ఎనభై పైసలకు కనబడని లాభం తోడుంది. ఇదే చెత్త జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పోతే లారీ డీజిల్ దండగ. అక్కడ గుట్ట కింద గాలాడక కుళ్లినప్పుడు పుట్టే ఇదే మీథేన్‌లో, పట్టుకోలేకపోయినదంతా ఆకాశంలోకి పోతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు ఎక్కువ. కుళ్లు నుంచి కారే నల్లటి నీరు నేలలోకి దిగితే చుట్టుపక్కల బోర్లు పాడవుతాయి. చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు జవహర్‌నగర్‌లో ఉంది కదా అనొచ్చు. తడి చెత్త కాలాలంటే ముందు అందులోని నీళ్లు ఆవిరి కావాలి, వేడంతా దానికే చాలదు. అందుకే తడి చెత్త పుట్టిన చోటే అరిగిపోవడం అన్ని విధాలా మేలు. బోయిన్‌పల్లి ప్లాంటు గొప్పతనం నా దృష్టిలో కరెంటులో కన్నా అందులోనే ఎక్కువ ఉంది.

చాయ్ గ్లాసు పెట్టేసి మళ్లీ కుప్ప దగ్గరికి వెళ్లాను. ఈసారి ఇంకో చూపుతో చూశాను. మొక్కజొన్న పొట్టు, అరటి గెల కాడ, క్యాబేజీ పై రెక్కలు యంత్రానికి న్యాయంగా చెందాల్సినవే. మనిషి తినడు, తింటానన్నా కుదరదు. కానీ వాటి మధ్య చిన్న మచ్చ పడ్డ సొరకాయలున్నాయి. రెండు వైపులా నిగనిగలాడుతూ ఒక్క చోట మెత్తబడ్డ టమాటాలున్నాయి. వాటి గురించి ఒక ఏజెంటును అడిగాను. ఆయన నవ్వి, “రేటు పడ్డ రోజు రండి సార్. మంచి మాలే పారబోస్తరు. కొనేటోడు లేకపోతే వాపసు తీస్కపోతే కిరాయి మీదపడ్తది కదా” అన్నాడు.

టమాటా రైతు కష్టం ఇల్లాలి పొదుపుతో తీరేది కాదు. రేటు పడ్డ రోజుల్లో సరుకు నిలవపెట్టే చల్లటి గిడ్డంగులు, గుజ్జు తీసే కార్ఖానాలు ఉండాలి. మన వంతు మాత్రం ఈ మార్కెట్ గేటు దాటాక, మన సంచిలో పడ్డప్పుడు మొదలవుతుంది. అక్కడ లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్ల నుంచి ఏటా తలకు 55 కిలోల ఆహారం చెత్తలోకి పోతోంది. నలుగురున్న ఇంట్లో 220 కిలోలు. అందులో తొక్కలు, ఎముకల వంటి తినలేని భాగమూ కలిసి ఉంది. అది సగమనుకుని తీసేద్దాం. మిగిలిన 110 కిలోలు తినదగినవి. బియ్యం, పప్పు, కూర అన్నీ కలిపి కిలో 40 రూపాయలనుకుంటే 4,400 రూపాయలు. అదంతా జాగ్రత్తగా వేరుచేసి బోయిన్‌పల్లి లాంటి ప్లాంటుకు పంపామనుకోండి. కిలోకు ఎనభై పైసల లెక్కనే చూస్తే, తిరిగొచ్చేది 88 రూపాయల విలువైన కరెంటూ, గ్యాసూ. చెత్త నుంచి సంపద అని గోడల మీద రాస్తుంటాం. ఈ 88 రూపాయల సంపద కోసం 4,400 చెత్తబుట్టలో వేస్తున్నాం.

ఇంత పారేసేది సోమరిపోతులమై కాదు, పొదుపు చేస్తున్నామనుకునే. కిలో ముప్పై, రెండు కిలోలు యాభై అంటాడు తోపుడుబండివాడు. పది రూపాయలు మిగిలాయనుకుని రెండు కిలోలు తెస్తాం. వారం తిరక్కుండానే అర కిలో కుళ్లుతుంది. యాభై రూపాయలకు కిలోన్నర తిన్నట్టు, అంటే కిలో ముప్పై మూడు. ఎక్కువ ఖరీదు పెట్టి కొని, పైగా చెత్త మోసినట్టు. ఆకుకూర కడిగి తడిగా ఫ్రిజ్‌లో తోస్తే రెండో రోజుకే నల్లబడుతుంది. వేళ్లు తుంచి, కడక్కుండా పొడి నూలుగుడ్డలో చుడితే నాలుగైదు రోజులు నిలుస్తుంది. పండే అరటిపళ్ల నుంచి వెలువడే ఇథిలీన్ పక్కనున్న కాయల్నీ తొందరగా పండించేస్తుంది. వాటిని విడిగా పెట్టాలి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ కూడా వేర్వేరు బుట్టల్లో ఉంటే మంచిది.

ఇక తొక్కల సంగతి. మన వంటింట్లో చెత్తకూ, పచ్చడికీ మధ్య గీత ఎప్పుడూ పలచగానే ఉండేది. బీరకాయ చెక్కు పచ్చడి చేయడానికే కొందరు బీరకాయ కొంటారు. ఆనపకాయ తొక్కలు నువ్వులతో వేయిస్తే మంచి పచ్చడి. పచ్చి అరటికాయ తొక్క సన్నగా తరిగితే వేపుడు. ముల్లంగి ఆకు పప్పులోకి పోతుంది. పుచ్చకాయ లోపలి తెల్ల భాగం కూరకు పనికొస్తుంది. కాలీఫ్లవర్ కాడలు పీచు తీసి కోస్తే, బోయిన్‌పల్లిలో నేను చూసిన కుప్ప కొంతైనా తగ్గుతుంది. మందులు కొట్టిన కాయలన్న భయం ఉంటే ఉప్పునీళ్లలో నానబెట్టి కడుక్కోవచ్చు. ఎంత కడిగినా మందంతా పోదు గనుక అనుమానమున్న తొక్కను ఎరువుకు వదిలేయడమే మంచిది.

ఎరువు కూడా ఇంటి స్థాయిలో తేలికే. అడుగున కన్నాలున్న మట్టి కుండ, ఎండుటాకులు, ఒక గరిటెడు పుల్ల మజ్జిగ చాలు. ఒక పొర తొక్కలు, దాని మీద రెండింతలు ఎండుటాకులు. తడి ఎక్కువైతే వాసన, ఆకులు ఎక్కువైతే ఆలస్యం. రెండు మూడు నెలల్లో నల్లటి మట్టి వాసనొచ్చే ఎరువు తయారవుతుంది. ఒక్క ఇంటి చెత్తకు గ్యాస్ ప్లాంటు దండగ. అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, కల్యాణ మండపాల వంటివి ఆలోచించదగ్గ పని అది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు రోజుకు వంద కిలోలు దాటి చెత్త పుట్టించే చోట్లను ప్రత్యేకంగా గుర్తించాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలన్నాయి. చాలా సొసైటీలు ఇప్పటికీ ఏ రోజుకారోజు బండికెత్తి పంపేస్తున్నాయి.

మీ ఇంట్లో ఒక వారం ఇలా చేసి చూడండి. తడి చెత్త రెండు గిన్నెల్లో వేయండి. తొక్కలు, కాడలు ఒకదాంట్లో. తినగలిగి ఉండీ పారేస్తున్నది, అంటే మిగిలిన అన్నం, వాడిన కూర, పులిసిన పిండి, ఇంకోదాంట్లో. మొదటిది కుండలో పోయండి. రెండోది తూకం వేసి, కొన్నప్పటి ధరతో గుణించి ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టండి. ఆ అంకె చూశాక వచ్చే వారం బజారు చీటీ రాసేటప్పుడు రెండు కిలోలన్న చోట కిలో అని రాయడానికి చేయి తటపటాయించదు.