కండక్టర్ అవుతానంటాడు!

మొన్న వినాయక చవితికి కర్నూలు వెళ్ళినప్పటి సంగతి ఇది. మా అక్క కొడుకు అక్కడే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పండగ రోజుల్లో పందిళ్ళ దగ్గర ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. కేసీ కెనాల్ దగ్గర నిమజ్జనం చూసి తిరిగొస్తుంటే మెల్లగా అన్నాడు, "మామా, నేను కండక్టర్ అవుదామనుకుంటున్నా".

ప్రొద్దుటూరు నుంచి అక్క ఫోన్లో ఒకటే గోల. "ఇన్ని లచ్చలు పోసి బీటెక్ చదివించేది బస్సులో టికెట్లు కొట్టేదానికా?" వీడు చెప్పేది వంద మంది వాయిద్యగాళ్ళ ముందు పుల్ల పట్టుకుని నిలబడే కండక్టర్ గురించని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అర్థమయ్యాక ఇంకా కోప్పడింది. "బస్సుదైతే నెలకింత జీతమన్నా వస్తాది కదరా!" :)

సరే, ఆ పనికి దారేమిటి? ఈఏపీసెట్ రాసి, ర్యాంకు కొట్టి, క్యాంపస్‌లో ఉద్యోగం పట్టే మన లెక్క అక్కడ కుదరదు. ముందు ఏదో ఒక వాయిద్యం పట్టుకుని గుంపులో కూర్చోవాలి.

జుబిన్ మెహతానే చూడండి. డాక్టరు చదువు వదిలేసి 1954లో, 18 ఏళ్ళ వయసులో బొంబాయి నుంచి వియన్నా వెళ్ళారు. కండక్టింగ్‌తో పాటు డబుల్ బాస్ కూడా నేర్చుకున్నారు. పెద్ద పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌కి బయటివాళ్ళను రానివ్వరు. అందుకని స్నేహితుడు క్లాడియో అబ్బాడోతో కలిసి కోరస్‌లో పాడటానికి చేరిపోయారు, దగ్గర నుంచి చూడొచ్చని! 1958లో లివర్‌పూల్ పోటీ గెలిస్తే వచ్చిన బహుమతి ఏమిటో తెలుసా? ఏడాది పాటు అసిస్టెంట్ ఉద్యోగం.

అంత దూరం ఎందుకు, మన ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు ముందు వీణ విద్వాంసులు. మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు. ఆ తర్వాతే ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపారు.

ఇదంతా చెప్తే వాడు ఊరికే వినలేదు. "నువ్వు కూడా పన్నెండు మందికి కండక్టర్‌వే కదా. ముందు ఏం వాయించేవాడివి మామా?"

"జావా" అన్నా.

"ఇప్పుడు?"

నా దగ్గర జవాబు లేదు. పోయిన నెల మా టీములో ఒకమ్మాయి కొత్త డిజైన్ వివరిస్తుంటే, సగం నుంచి అర్థం కాకుండానే తలూపాను. కండక్టర్ చేతిలో పుల్ల చప్పుడు చెయ్యదు, నిజమే. కానీ ఎవరి వాయిద్యం ఎక్కడ తప్పిందో ఆయనకు తెలియాలి. నాకు తెలిసేది ఎవరి టాస్కు ఎప్పటికి అవ్వాలో మాత్రమే.

అక్కకి చెప్పా, డిగ్రీ పూర్తి చేస్తాడు, ఈలోగా స్టాఫ్ నొటేషన్ చదవడం నేర్చుకోనీ, ఫీజు నేను కడతా అని. ఊ అనలేదు, ఊహూ అనలేదు.

ఆదివారం ఆ అమ్మాయి రాసిన కోడ్ తెరిచి కూర్చున్నా. రెండు గంటల్లో నాలుగు ఫైళ్ళు అయ్యాయి. సోమవారం వెళ్ళి, "ఆ రోజు నాకు అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు" అని అడగాలి. అదే కొంచెం కష్టంగా ఉంది.