మూత తెరిస్తే ఆగాలి

మా ఇంట్లో ఉన్నది రెండు తొట్ల వాషింగ్ మెషీన్. ఒక తొట్టి ఉతుకుతుంది, పక్క తొట్టి పిండుతుంది. మొన్న వానల్లో ఉతికే తొట్టి మామూలుగానే తిరిగింది గానీ, పిండే తొట్టి కదల్లేదు. ఇంట్లో ఆరుగురం. మా ఆయనకు అంబత్తూరులో నైట్ షిఫ్టు. పొద్దున వచ్చి విప్పిన యూనిఫాం సాయంత్రానికి ఆరి ఉండాలి. మా పెరంబూరు సందుల్లో డాబా మీద నాలుగు ఇళ్లకీ కలిపి ఒకే దండెం. వానాకాలంలో పిండని బట్ట రెండు రోజులైనా ఆరదు, పైగా ముక్కవాసన. దుప్పట్లు చేత్తో పిండితే రాత్రికి మణికట్టు పట్టేస్తుంది. మెషీన్ లేకపోతే మన ఆడవాళ్లకి ఎంత కష్టమో ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్లకి నేను చెప్పక్కర్లేదు.

రిపేరుకి వచ్చినాయన మెషీన్ విప్పనైనా విప్పకుండా, "స్పిన్ మోటారు పోయింది, రెండువేల ఎనిమిది వందలు అవుతుంది, దానికంటే వాయిదాల మీద కొత్తది తీసుకోండి" అన్నాడు. మా ఆయన సరే అనబోతుంటే మా మామ అడ్డుపడ్డారు. "మోటారు పోయిందా లేదా అనేది తర్వాత. కరెంటు యాడదాకా వస్తా ఉందో ముందు చూద్దాం" అన్నారు.

మా మామది మిల్లు చెయ్యి. మనం బిన్నీ మిల్లు అనే బకింగ్‌హామ్ అండ్ కర్ణాటిక్ మిల్లులో, రంగులద్దే డిపార్ట్‌మెంటులో, 1996లో మిల్లు మూతపడేదాకా పనిచేశారు. బిన్నీ ఖాకీ అంటే ఒకప్పుడు దేశమంతా పేరు. రంగు వేసి, నీళ్లలో జాడించిన సరుకుని పిండటానికి వాళ్లకొక యంత్రం ఉండేది. దాన్ని హైడ్రో ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. చుట్టూ చిల్లులున్న పెద్ద గంగాళం. అది గిర్రున తిరిగితే సరుకు అంచుకి అతుక్కుంటుంది, నీళ్లు చిల్లుల్లోంచి బయటికి పోతాయి. మన ఇంట్లో పిండే తొట్టి దాని పిల్లే. పద్ధతి ఒకటే, సైజే తేడా. అందుకే మామకి మన మెషీన్ కొత్తగా అనిపించదు.

ఆయన చెప్పిన వరస ఇది. ఉతికే తొట్టి తిరుగుతోంది కాబట్టి ప్లగ్గు దాకా కరెంటు ఉంది. ఇలాంటి మెషీన్లో మోటార్లు రెండు, ఉతకడానికొకటి, పిండటానికొకటి. ఒకటి పనిచేసినంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు, చెడిందనీ కాదు. పిండే టైమర్ తిప్పి చెవిపెట్టి వినాలి. 'ఊఁ' అని మూలుగుతూ తొట్టి తిరగకపోతే, మోటారుకి కరెంటు అందుతోంది, ఏదో పట్టేసిందని అర్థం. బట్టల బరువంతా ఒకపక్కకే పడి ఉండొచ్చు. పైన వేసే ప్లాస్టిక్ పళ్లెం సరిగా నొక్కకపోతే చేతిరుమాలో, పిల్లల సాక్సో జారి తొట్టికీ బయటి గోడకీ మధ్య ఇరుక్కుంటుంది. కిందున్న బ్రేకు వదలకపోయి ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు. అసలు మూలుగే లేకపోతే కరెంటు దార్లోనే ఎక్కడో తెగింది. అప్పుడు చూడాల్సింది టైమరు, తీగలు, మూత కింది స్విచ్చి.

మాది టైమర్ టిక్కుటిక్కుమంటోంది గానీ మూలుగు లేదు. ప్లగ్గు పీకేశాం. పీకినా కెపాసిటర్లో కరెంటు నిలవ ఉంటుంది, దాని జోలికి తెలిసినవాళ్లు తప్ప ఎవరూ పోకూడదు. మామ దాన్ని ముట్టుకోలేదు. పైన టైమర్లుండే పెట్టె మరలు నేను విప్పాను. మూత మూసినప్పుడు ఒక ప్లాస్టిక్ నాలుక చిన్న స్విచ్చిని నొక్కుతుంది. ఆ స్విచ్చి రేకులకి పచ్చగా చిలుము పట్టి ఉంది. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, దానికి సబ్బు సోడా తోడు. ఎదురింటి ఎలక్ట్రీషియన్ అబ్బాయి మీటరు తెచ్చి స్విచ్చి రెండు కొసలకీ పెట్టాడు. మూత మూస్తే మీటరు కూత పెట్టాలి. పెట్టలేదు. మోటారు నిక్షేపంగా ఉంది.

అసలు సంగతి ఇక్కడ మొదలైంది. ఆ అబ్బాయి మంచివాడే. "అక్కా, ఈ రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేస్తా. పైసా ఖర్చు లేదు, ఇప్పుడే తిరుగుతుంది" అన్నాడు. మాట నిజమే, తిరుగుతుంది. మా సందులో రెండు మూడిళ్లలో అలాగే చేశారని కూడా చెప్పాడు. ఎదురుగా తడిబట్టల గుట్ట. నాకూ సరే అనిపించింది. మామ ఒప్పుకోలేదు. "నాయనా, అది చెడిపోయిన స్విచ్చి కాదు, చెయ్యి కాపాడే స్విచ్చి" అన్నారు.

మిల్లు మూసేశాక ఆయన కొన్నాళ్లు ఒక చిన్న అద్దకం షెడ్డులో చేశారు. అక్కడా ఆ గంగాళమే. తిరుగుతున్నంతసేపు మూత తెరుచుకోకుండా దానికి తాళం లాంటి ఏర్పాటు ఉంటుంది. పని ఆలస్యమవుతుందని ఆ షెడ్డులో దాన్ని కట్టుకమ్మీతో కట్టేశారు. ఒకరోజు కరెంటు ఆపేశాక, గంగాళం ఇంకా తిరుగుతుండగానే, ఒక కుర్రాడు సరుకు అందుకోబోయాడు. తడిబట్ట వేళ్లకి చుట్టుకుంది. కుడిచేతికి రెండు వేళ్లు లేకుండా ఆ పిల్లాడు సొంతూరికి పోయాడు. మామ ఈ సంగతి మాకు అంతకుముందెప్పుడూ చెప్పలేదు. ఆ రోజే, ఆ రెండు వైర్లని చూసి చెప్పారు.

ఇంట్లో తొట్టి చిన్నదే గదా అనుకోవద్దు. పిండేటప్పుడు అది నిమిషానికి వెయ్యి చుట్లకి పైనే తిరుగుతుంది. మూత తెరవగానే రెండు పనులు జరగాలి. స్విచ్చి కరెంటు ఆపాలి, బ్రేకు తొట్టిని పట్టుకోవాలి. వైర్లు కలిపేస్తే మొదటి పని జరగదు. మా మనవరాలికి మూడేళ్లు. తిరిగేది ఏది కనిపించినా వేలు పెట్టి చూసే వయసు.

మనవాళ్లకి ఇది కొత్త పాఠం కాదు. ఈ పెరంబూరు మిల్లు కార్మికుల కోసమే 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది, బి.పి. వాడియా అధ్యక్షుడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చింది, 2025 దాకా అమల్లో ఉంది. యంత్రాల్లో ప్రమాదకరంగా కదిలే భాగాలకి గట్టి కంచె వెయ్యాలని దాని 21వ సెక్షన్ యజమానికి చెప్పేది. భద్రత కోసం పెట్టిన దేన్నీ కావాలని పాడు చెయ్యకూడదని 111వ సెక్షన్ కార్మికుడికి చెప్పేది. ఫ్యాక్టరీకైతే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. మన వంటింటి పక్క మెషీన్‌ని చూడటానికి ఎవరూ రారు, మనమే చూసుకోవాలి.

ఆ సాయంత్రం ఎలక్ట్రీషియన్ అబ్బాయే కొత్త స్విచ్చి తెచ్చి బిగించాడు. స్విచ్చి నూట యాభై, అతని కూలి రెండొందలు. మూత మూస్తే తిరిగింది, తెరిస్తే కొద్ది సెకన్లలో ఆగింది. మామ మూడుసార్లు తెరిపించి చూశారు. తర్వాత ఆ అబ్బాయి వైర్లు కలిపి ఉన్న ఇళ్లకి తనే వెళ్లి స్విచ్చిలు వేశాడు.

పూర్తి ఆటోమేటిక్ ఉన్నవాళ్లకి ఒక మాట. లోపల నీళ్లు పోకపోతే అది పిండదు. ముందు డ్రైన్ పైపు మడత పడిందేమో, ఫిల్టర్‌లో చిల్లర నాణెమో గుండీనో ఇరుక్కుందేమో చూడండి. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో మన వీధుల్లో మెషీన్ల కిందికి నీళ్లు చేరాయి. అలా నీళ్లు చేరిన మెషీన్‌ని పైకి ఆరినట్టు కనిపించినా ప్లగ్గు పెట్టవద్దు, మోటారు అడుగునే ఉంటుంది. తెలిసినవాళ్లు విప్పి చూశాకే పెట్టాలి.

ఈసారి బట్టలు పిండేటప్పుడు తొట్టి తిరుగుతుండగా మూత కొంచెం ఎత్తి చూడండి, చెయ్యి మాత్రం లోపల పెట్టకండి. వెంటనే వేగం తగ్గి ఆగాలి. ఆగకపోతే, ఎంత బాగా పిండుతున్నా సరే, ప్లగ్గు పీకి మెకానిక్‌ని పిలవండి. వైర్లు కలిపి ఉంటే విడదీసి స్విచ్చి వెయ్యమనండి.