వైరి సమాసం

“హనుమాన్ జంక్షన్” అంటే వైరి సమాసమని తెలుగు పాఠాలు చెప్పే నాబోటివాడు ముఖం చిట్లించవచ్చు. కాని ఆ సమాసమే మా ఊరి చరిత్ర. బెజవాడ–ఏలూరు రోడ్డూ, గుడివాడ–నూజివీడు రోడ్డూ కలిసే చోట ఆంజనేయస్వామి వెలిశాడు. ఊరికి ఆయన పేరే అబ్బింది. రైలుస్టేషనుకు ఆ భాగ్యమూ లేదు. పలకమీద “నూజివీడు” అని వుంటుంది! ఆ ఊరు పోయేవారు ఇక్కడ దిగి బస్సెక్కవలసిందే.

2010లో రహదారికి 5వ నంబరు పోయి 16 వచ్చింది. 2022లో పొరుగున పశ్చిమగోదావరి పోయి ఏలూరు జిల్లా వచ్చింది. ఊరు చలించలేదు. చలించింది బైపాసు పడ్డాకనే. దూరపు లారీలు స్వామికి దణ్ణమైనా పెట్టకుండా అల్లంత దూరాన పోతున్నాయి. టీకొట్లవారికి అదే దిగులు. రాజులు కట్టిన ఊళ్లు రాజులతో పోయాయి. బాటసారులు కట్టిన ఊరు బాటసారులతోనే బతకాలి గదా!