చూడదగిన స్థలాలు

కిందటి చలికాలంలో మా కళాశాల విద్యార్థులు లంబసింగి చూడాలనుకున్నారు. నర్సీపట్నంలో వుండేవారికి అదేమంత పెద్ద ప్రయాణం కాదు. చీకటితోనే బయలుదేరితే మంచు విడవకముందే చేరుకోవచ్చు. ఆ దారిలో చూడదగిన స్థలాలను గురించి పిల్లలకు పంచటానికి ఒక పేజీ రాసిపెట్టమని ప్రిన్సిపాలుగారు నాకు పురమాయించారు. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి వర్ణనలు అప్పగించటం మామూలే గదా. రాశాను. మంచు తెరలు రాశాను, కాఫీ తోటలు రాశాను, చెట్లకు పాకిన మిరియపు తీగెలు రాశాను, తాజంగి జలాశయం రాశాను. వీలుంటే కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి కూడా చూడవచ్చునని చివర ఒక వాక్యం చేర్చాను. బాగానే వుందనిపించి తరగతిలో చదివి వినిపించాను.

వెనక బెంచీలో కూచునే ఒక అమ్మాయి లేచి నిలబడింది. కొండమీది వూరినుంచి వచ్చి హాస్టల్లో వుండి చదువుకునే పిల్ల.

"రోడ్డు రాయలేదేటి సార్?" అన్నది.

"రోడ్డులో చూడటానికేముందమ్మా?" అన్నాను.

"మా తాతకి తాత ఆ రోడ్డుకి రాళ్లు మోసేడట సార్. కూలడిగితే కొట్టేరట," అని కూర్చుంది.

తరగతి నిశ్శబ్దమైపోయింది. నేను గడియారం చూసుకొని పాఠంలోకి వెళ్లిపోయాను. ఆ వెళ్లిపోవటాన్ని గురించే యీ నాలుగు మాటలూ.

మన తప్పు మన వూళ్లో కంటె పరాయి చోట తేలికగా కనబడుతుంది. నా విషయంలో ఆ పరాయి చోటు అట్లాంటిక్ సముద్రంలో వుంది. విశాఖపట్నంలో నాకొక చిన్ననాటి మిత్రుడున్నాడు. సరకుల ఓడల్లో పనిచేస్తాడు. అతడి ఓడ ఒకసారి కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవులో ఆగినప్పుడు యాత్రికులకోసం అచ్చువేసిన చిన్న పుస్తకమొకటి తెచ్చి, "నువ్వు చదువుతావు గదా" అని నా చేతిలో పెట్టాడు. అది పొరుగు దీవి ఫ్యుర్తెవెంతురాను గురించినది. స్పెయిన్ ఏలుబడిలో వుండి, ఆఫ్రికా ఒడ్డుకు వంద కిలోమీటర్ల దూరంలో వున్న దీవి. చాలా చోట్ల ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. చెట్టు అరుదు, గాలి, రాయి, మేకలు. అక్కడి జనం వేయించిన గింజలు విసిరి గోఫియో అనే పిండి చేసుకుని తింటారట. మన పేలపిండికి చుట్టమన్నమాట.

పొడినేలా, ప్రశాంతతా కోరేవారు తప్పక చూడవలసిన దీవి అని ఆ పుస్తకం చెబుతుంది. కొర్రలేహో ఇసుక దిబ్బలు, 15వ శతాబ్దపు మొదట్లో ఫ్రాన్సునుంచి వచ్చిన నార్మన్లు నెలకొల్పిన బెతన్‌కూరియా అనే పాత రాజధాని, ఆదివాసులు రాతిపై పాదముద్రలు చెక్కిన తిందాయ కొండ, లా ఒలీవాలో కల్నళ్ల భవనం, యింకా అట్లాంటివి. చదువుతూవుంటే నేను రాసిన పేజీయే గుర్తుకువచ్చింది. అక్కడ ఇసుక, యిక్కడ మంచు, మిగతాది ఒకటే.

ఆ పేజీలమధ్య ఒక పేరు నన్ను ఆపింది. మిగెల్ దె ఉనమూనో. సలమాంకా విశ్వవిద్యాలయంలో గ్రీకు బోధించిన ఆచార్యుడు, కవి, నవలాకారుడు. స్పెయిన్‌లో అధికారం చేజిక్కించుకున్న సైనిక నియంత ప్రీమో దె రివేరాను విమర్శించినందుకు ఆయన ఉద్యోగం వూడగొట్టి, 1924 ఫిబ్రవరిలో ప్రవాసశిక్ష విధించి, యీ దీవికి పంపారు. ఆ మార్చినుంచి జూలై దాకా ఆయన అక్కడున్నాడు. తర్వాత ఫ్రాన్సుకు వెళ్లిపోయి, ఆ నియంత పతనమైనాక 1930లోగాని స్వదేశానికి రాలేదు. ఆయన బసచేసిన యిల్లు యిప్పుడు మ్యూజియం. అంటే యిక్కడి ప్రశాంతతను ఒకనాటి ప్రభుత్వం శిక్షగా వాడుకుంది. నోరున్నవాణ్ణి నోరులేని చోటికి పంపటమన్నమాట.

అక్కడితో ఆగలేక ఆ దీవిని గురించి మరికొంత చదివాను. కల్నళ్ల భవనంలో వున్నవారు 1708 మొదలు నూటయాభై ఏళ్లపాటు వంశపారంపర్యంగా అధికారం అందించుకుంటూ దీవిని ఏలిన సైనికాధిపతులు. ఆ ఎండిన నేలలో ఎక్కువభాగం వారి బంధువర్గం చేతుల్లో వుండేది. కరువు వచ్చినప్పుడల్లా రైతులు పడవలెక్కి పొరుగు దీవులకూ, అమెరికా ఖండానికీ వలసపోయారు. దీవిలో జనం పలచగా వుండటానికి వానలేమి ఎంత కారణమో యిదీ అంతే. తెఫీయా అనే వూరి దగ్గర ఫ్రాంకో ప్రభుత్వం 1954నుంచి 1966దాకా వ్యవసాయ శిక్షా శిబిరం నడిపింది. అదే 1954లో సవరించిన ఒక చట్టంకింద, స్వలింగ ప్రేమ నేరంగా మోపి, పలువుర్ని అక్కడికి పంపారు. వారు ఆకలితో రాళ్లు కొట్టారు, నీళ్లు మోశారు, దెబ్బలు తిన్నారు. తర్వాత అక్కడ యువజనులకు విడిది ఏర్పడింది. స్మారక ఫలకం చాలా ఏళ్లకుగాని రాలేదు. ఆచార్యుడి యిల్లు అందరూ చూస్తారు; రాళ్లు కొట్టినవారి పేర్లు ఎందరికి తెలుసు?

నేను పుస్తకం మూశాను. రాళ్లు అనగానే ఆ అమ్మాయి మాట గుర్తుకువచ్చింది. దానితోబాటు 1924 అన్న అంకె కూడా.

ఉనమూనో ఆ దీవిలో వున్న రోజుల్లోనే, 1924 మే 7న, మా కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. రెండు ఏలికలకూ సంబంధమేమీ లేదు. ఒకరిది కలం, మరొకరిది విల్లూ తుపాకీ. పోలిక అంతవరకు లాగటం తప్పు. ఐతే ఎదురుచెప్పినవాణ్ణి ఏంచేయాలన్నది ఆ వసంతంలో రెండు ప్రభుత్వాలముందూ వున్న ప్రశ్నే. అక్కడ పేరుగల ఆచార్యుడు గనుక దీవి. యిక్కడ తూటా. రాజు అనుచరుల్లో బతికి పట్టుబడిన గాం మల్లుదొరకు మాత్రం యిక్కడా దీవే, అండమాన్. ఆ మల్లుదొరే 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

తిరుగుబాటు ఎందుకు వచ్చింది? 1882నాటి మద్రాసు అటవీ చట్టం కొండవాళ్ల పోడుకు అడ్డుపడింది. అడవిలో వాళ్లు ఏరుకునేది నేరమయింది. పైగా రోడ్లు. నర్సీపట్నంనుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు కొండను తొలిచి దారి వేయటానికి గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కొండవాళ్లను నిర్బంధంగా పనిలోకి దింపాడు. చాలీచాలని కూలితో పనిచేయించుకున్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద పడి తుపాకులు పట్టుకుపోయినవారి వెనుక యీ రోడ్డు వుంది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో యిద్దరు తెల్ల అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, నేలకూలినప్పుడు కూడా వుంది.

యిదంతా నాకు తెలియదా? తెలుసు. పరీక్షలకోసం చదివాను, పిల్లలకు చెప్పాను. అయినా ఆ పేజీ రాసేటప్పుడు కలానికి తోచలేదు. ఎందుకంటే నా చదువు నాకు రెండు రకాల చూపులే నేర్పింది. ప్రకృతిని చూస్తే పరవశించటం ఒకటి, వీరుణ్ణి చూస్తే నమస్కరించటం రెండవది. రోడ్డు ప్రకృతీ కాదు, వీరుడూ కాదు. అది పని. పనిని చూడటం నాకు చేతకాలేదు. సమాధికి ఒక వాక్యం యిచ్చి బాకీ తీరిందనుకున్నాను. సీతారామరాజు ఎవరికోసం ప్రాణమిచ్చాడో ఆ మనుషుల్ని ఆయన సమాధి చాటున దాచిపెట్టాను. యిది ఆయనకు గౌరవమా?

మంచు చూడవద్దని నేననను. ఆ అమ్మాయి కూడా అనలేదు. ఆమెకు ఆ మంచు నాకంటె బాగా తెలుసు. చూడదగిన స్థలాల పట్టికలో తన మనుషులు లేరేమని మాత్రమే ఆమె అడిగింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకీ, లంబసింగీ చింతపల్లీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ పోయాయి. వీరుడి పేరు జిల్లాకు దక్కింది. సంతోషమే. రోడ్డు కూలీల పేరు దేనికి దక్కింది?

సంక్రాంతి సెలవుల తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, ఆ తాతగారి పేరేమిటని అడిగాను.

"తెలీదు సార్. మా మామ్మని అడిగేను. ఆవిడకీ తెలీదట. యింట్లో అందరూ రోడ్డు తాత అనీవారట," అన్నది.

యీ సంవత్సరం ప్రయాణానికి పేజీ మళ్లీ రాశాను. మంచూ వుంది, కాఫీ తోటలూ వున్నాయి. అన్నిటికంటె ముందు, ఒకటో అంకె పక్కన, నర్సీపట్నంనుంచి చింతపల్లి వెళ్లే రోడ్డు అని రాసి, దాన్ని ఎవరు ఏ కూలికి వేశారో నాలుగు వాక్యాల్లో చెప్పాను. కనుమ మొదట్లో బస్సు ఆపించి పిల్లల్ని కొంతదూరం నడిపించాను. కొందరు విసుక్కున్నారు. కొందరు అంచున నిలబడి లోయలోకి చూశారు. ఆ అమ్మాయి మాత్రం లోయవైపు చూడలేదు. వొంగి, రోడ్డు వార మట్టిలోనుంచి ఒక రాయి తీసి, చేత్తో బరువు చూసి, మళ్లీ అక్కడే పెట్టింది.