మాంత్రికుడి ప్రాణం చిలకలో

బ్లాక్‌చైన్ ఆటల గుహలోకి కొత్తగా దిగేవాళ్లు కత్తి పట్టడం కంటే ముందు పారిపోవడం నేర్చుకోవాలి

తెలుగువాళ్లకు గుహలు, మాంత్రికులు కొత్త కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆ చిలక దొరికితే చాలు, వాడి మంత్రాలేవీ పనికిరావు. 1951 నాటి పాతాళభైరవిలో తోట రాముడు బలి కావడానికే గుహలోకి వెళ్తాడు. అసలు సంగతి తెలియగానే మాంత్రికుడినే బలి ఇచ్చి కోరికలు తీర్చే బొమ్మతో బయటపడతాడు. ఈ రెండు కథలూ బాగా గుర్తున్నవాళ్లకు బ్లాక్‌చైన్ మీద నడిచే గుహల ఆట సగం అర్థమైనట్లే.

ఈ ఆటల మూలం అమెరికాలో ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని పాచికలు వేస్తూ, ఊహించుకున్న నేలమాళిగలో రాక్షసులతో పోరాడే ఆట అది. 1980లో రోగ్ అనే ఆట ఆ నేలమాళిగను కంప్యూటర్‌లోకి తెచ్చింది. అందులో నియమం కఠినం. ఉన్నది ఒక్కటే ప్రాణం. చస్తే మళ్లీ మొదటి మెట్టు నుంచే. అయినా ఆటగాడికి పోయేదల్లా ఒక సాయంత్రం, కాస్త నిద్ర. దొరికిన కత్తి, కూడబెట్టిన బంగారం ఆటలోనే ఉండిపోయేవి.

బ్లాక్‌చైన్ ఆ లెక్క మార్చింది. ఆటలో దొరికిన కత్తి ఇప్పుడు ఆటగాడి పేరున ఒక ఉమ్మడి ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకం ప్రతులు వేల కంప్యూటర్లలో ఉంటాయి గనుక ఎవరూ చెరిపేయలేరు. కత్తిని అమ్ముకోవచ్చు, అరువివ్వచ్చు. వినడానికి బాగుంది. అయితే ఎవరూ చెరిపేయలేని పుస్తకంలో పొరపాటును దిద్దేవాళ్లు కూడా ఉండరు. బ్యాంకు అయితే ఫిర్యాదు తీసుకుంటుంది. ఇక్కడ ఫిర్యాదు చేయడానికి కౌంటరే లేదు.

2021 ఆగస్టులో లూట్ అని ఒక వింత వచ్చింది. వైన్ అనే వీడియో యాప్‌ను స్థాపించినవాళ్లలో ఒకరైన డామ్ హాఫ్‌మన్ దాన్ని విడుదల చేశారు. మొత్తం 8,000 సంచులు. ఒక్కో సంచిలో నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఎనిమిది వరుసలు: ఆయుధం, కవచం, తలపాగా, నడికట్టు, పాదరక్షలు, చేతి తొడుగులు, కంఠాభరణం, ఉంగరం. బొమ్మ లేదు, ఆట అసలే లేదు. నెట్‌వర్క్ రుసుము కడితే చాలు, ఉచితంగా తీసుకోవచ్చు. కొద్ది రోజుల్లోనే ఆ సంచులు వేల డాలర్లు పలికాయి, తర్వాత ధర కూలింది. కానీ ఆ ఎనిమిది వరుసల చుట్టూ ఆటలు కట్టుకున్నవాళ్లు మిగిలారు. వాటిలో ఒకటి లూట్ సర్వైవర్. ఎథీరియమ్‌కు అనుబంధంగా పనిచేసే స్టార్క్‌నెట్ మీద నడిచే గుహల ఆట అది.

ఇందులో కొత్తవాళ్లు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఆయుధాల లెక్క. కత్తి బట్టను చీలుస్తుంది, లోహం మీద మొద్దుబారుతుంది. గద తోలును చితక్కొడుతుంది, బట్ట మీద దాని దెబ్బ ఆనదు. మంత్రం లోహాన్ని ఛేదిస్తుంది, తోలు దగ్గర తేలిపోతుంది. ఎదురైన జంతువు ఏం తొడుక్కుందో చూడకుండా చేయి ఎత్తేవాడు ఎక్కువసేపు బతకడు. తన ఒంటి మీదున్న కవచానికీ ఇదే లెక్క వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

రెండోది, స్థాయి పెరిగినప్పుడల్లా చేతికొచ్చే పాయింట్లను ఎక్కడ పెట్టాలన్నది. కొత్త ఆటగాడు వాటన్నిటినీ బలం మీదే గుమ్మరిస్తాడు. దెబ్బ గట్టిగా పడుతుంటే సరదాగానే ఉంటుంది. అయితే చురుకుదనం లేకపోతే పారిపోలేడు. వివేకం లేకపోతే పొంచి ఉన్న జంతువు మీద పడుతుంది. తెలివి లేకపోతే దారిలోని ఉచ్చులు తగులుతాయి. మాటకారితనం ఉంటే అంగట్లో మందులు చౌకగా వస్తాయి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆటగాడి స్థాయి పెరిగే కొద్దీ ఈ గుణాలు కూడా దానికి సాటిగా పెరగాలి. రెండో స్థాయిలో కాపాడిన చురుకుదనం పదో స్థాయిలో కాపాడదు. నిన్న తప్పించుకున్నాను కదా అన్న ధీమాతో అడుగు వేసినవాడు అక్కడే పడిపోతాడు.

మూడోది అన్నిటికన్నా కష్టం. పారిపోవడాన్ని సిగ్గుగా భావించకూడదు. ఒంట్లో సత్తువ సగానికి పడిపోయినప్పుడు, చేతిలో మందుకు సరిపడా బంగారం లేనప్పుడు ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి వెనక్కి తగ్గడమే ఆట. ఇంకో రెండు దెబ్బలు వేస్తే చస్తుందిలే అనుకోవడం వల్లే చాలామంది సాహసవీరులు నేల కూలతారు. ఒకసారి కూలితే అంతే, మళ్లీ లేవరు. ఆ చావు కూడా ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఇంతవరకూ గుహ లోపలి రాక్షసుల సంగతి. అసలు రాక్షసులు గుహ బయట ఉంటారని ఆసియాకు నేర్పిన ఆట ఇంకొకటి ఉంది.

వియత్నాంకు చెందిన స్కై మేవిస్ సంస్థ తయారుచేసిన యాక్సీ ఇన్ఫినిటీలో ఆటగాళ్లు బొద్దు జంతువులతో పోరాడి ఎస్ఎల్‌పీ అనే టోకెన్లు సంపాదించేవారు. కోవిడ్ లాక్‌డౌన్లలో పనులు పోయిన ఫిలిప్పీన్స్ కుటుంబాలకు అదే జీతమైంది. మనీలాకు ఉత్తరాన ఉన్న కబనాతువాన్ పట్టణం ఈ ఆటతోనే ప్రపంచానికి తెలిసింది. మొదలుపెట్టడానికి మూడు జంతువులు కావాలి. కొనే స్తోమత లేనివాళ్లు యజమానుల దగ్గర అరువు తీసుకుని, వచ్చిన దాంట్లో వాటా ఇచ్చేవారు. పాలేరు పద్ధతే, పేరు మాత్రం స్కాలర్‌షిప్. టోకెన్లు రోజూ పుట్టుకొస్తుంటే, అవి ఖర్చయ్యే ప్రధాన దారి కొత్త జంతువులను పుట్టించడం ఒక్కటే. కొత్త జంతువులను కొనాలంటే కొత్త ఆటగాళ్లు రావాలి. వాళ్ల రాక తగ్గింది. 2021 మధ్యలో 30 సెంట్లు దాటిన టోకెన్ 2022 మధ్యకల్లా ఒక్క సెంటు కన్నా కిందికి పోయింది. ఆటలో ఎవరూ ఓడిపోలేదు, జీతం మాత్రం మాయమైంది.

అప్పటికే ఇంకో దెబ్బ పడింది. 2022 మార్చి 23న ఆ ఆట సొమ్మును దాచిన రోనిన్ నెట్‌వర్క్ నుంచి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల డాలర్ నాణేలు తరలిపోయాయి. మొత్తం విలువ 60 కోట్ల డాలర్ల పైమాటే. ఖజానాకు తొమ్మిది తాళం చెవులు ఉండేవి, తెరవడానికి ఐదు చాలు. దొంగలకు సరిగ్గా ఐదు దొరికాయి. ఆరు రోజుల దాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఇది ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని అని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. కంపెనీ తర్వాత కొత్త పెట్టుబడి తెచ్చి ఆటగాళ్లకు జరిగిన నష్టం పూడ్చే పని పెట్టుకుంది. కానీ చిలక దొరికితే మాంత్రికుడి గతి ఏమిటో అందరికీ కళ్లకు కట్టింది.

మామూలు ఆటగాడి చిలక ఇంకా చిన్నది. వ్యాలెట్ తెరిచినప్పుడు చూపించే 12 లేదా 24 ఇంగ్లీషు మాటల వరుసే అది. ఆ మాటలు ఎవరి దగ్గర ఉంటే సొమ్ము వాళ్లది. కాబట్టి వాటిని కాగితం మీద రాసి బీరువాలో దాచాలి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోకూడదు. హెల్ప్‌లైన్ వాళ్లమంటూ ఎవరైనా ఆ మాటలు అడిగితే వాళ్లు దొంగలే, అందులో సందేహం అక్కర్లేదు. ఆటకు వేరే వ్యాలెట్ తెరిచి, అందులో ఆ వారానికి సరిపడా సొమ్మే ఉంచడం మంచిది. తెర మీద ‘అనుమతించు’ అన్న బొత్తాం కనిపించగానే నొక్కేయడం తెల్ల కాగితం మీద సంతకం పెట్టడంతో సమానం. దేనికి అనుమతి అడుగుతున్నారో, ఒక్క కత్తికా మొత్తం సంచికా, చదివి చూడాలి. డబ్బు పెట్టకుండా సాధన చేసే వీలు ఉంటే పదిసార్లు చచ్చేదాకా అక్కడే ఆడాలి.

మన దేశంలో ఆడేవాళ్లకు గుహ ముఖద్వారం దగ్గర ఇంకో ఇద్దరు కాపలా ఉన్నారు. ఒకటి పన్ను. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల మీద వచ్చే లాభానికి 30 శాతం పన్ను, ఆపైన సెస్సు కట్టాలి. అదే ఏడాది జూలై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ కూడా వచ్చింది. ఒక కత్తి అమ్మితే 10,000 రూపాయలు మిగిలి, ఇంకో కత్తి మీద 10,000 పోయాయనుకుందాం. జేబులో మిగిలింది సున్నా, పన్ను మాత్రం 3,000. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేయడం కుదరదు.

రెండోది చట్టం. డబ్బు పందెంగా సాగే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. గెలుస్తామన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నడపడం, ప్రచారం చేయడం నేరమని, అది నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేదని ఆ చట్టం చెబుతోంది. డబ్బుతో కొన్న నాణేలు, టోకెన్లు కూడా పందెం కిందికే వస్తాయి. కనుక టోకెన్ కట్టి టోకెన్ గెలవమనే ఆటలోకి దిగేముందు అది ఏ గీతకు ఇటువైపు ఉందో చూసుకోవాలి. ఊరించే యూట్యూబ్ వీడియోలు ఆ మాట చెప్పవు.

వీటన్నిటి తర్వాత ఆటగాడు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ టోకెన్ రేపు సున్నా అయినా ఈ ఆట ఆడతానా? ఆడతాను అంటే అది ఆటే. సినిమా టికెట్టు అనుకుని ఆ మేరకే ఖర్చు పెట్టొచ్చు. ఆడను అంటే అది ఉద్యోగమో, పందెమో. అలాంటప్పుడు దాన్ని ఆ కొలతలతోనే కొలవాలి. సొంతం అన్న మాటను కూడా కొంచెం తగ్గించి వినాలి. ఆట మూతపడినా కత్తి ఖాతా పుస్తకంలో ఉంటుంది. తిప్పడానికి గుహ మాత్రం ఉండదు.

మహాభారతంలో ధర్మరాజు మొదటి జూదంలో సర్వం ఓడాడు. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చి పంపాడు. ఇంటిదారి పట్టినవాడు మళ్లీ పిలుపు రాగానే వెనక్కి వచ్చి పాచికల ముందు కూర్చున్నాడు. అడవుల పాలైంది ఆ రెండో ఆటలోనే. గుహలో సత్తువ సగానికి పడినప్పుడు వెనక్కి తిరగడం వారం రోజుల్లో అలవాటవుతుంది. అదే పని డబ్బు సగానికి పడినప్పుడు చేయగలిగినవాడికి ఈ ఆట గురించి ఇంకెవరూ కొత్తగా చెప్పాల్సింది లేదు.