నాన్నా, ముట్టుకోవద్దు

ప్రవాస తెలుగు ఇళ్లలో పిల్లల పరీక్షలకు తల్లిదండ్రులు పడే హైరానా కొత్తది కాదు. దానికి ఇప్పుడు రోబో పోటీ కూడా తోడైంది. 2024 శీతాకాలంలో డాలస్ శివార్లలోని మా అక్క ఇంట్లో ఉన్నప్పుడు ఆ సందడిని దగ్గరగా చూశాను.

డీన్ కామెన్ 1989లో నెలకొల్పిన ఫస్ట్ సంస్థ నిర్వహించే పోటీల్లో ఫస్ట్ టెక్ చాలెంజ్ ఒకటి. ఏడు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఉద్దేశించింది. ఆటలో తొలి 30 సెకన్లు ఎవరి చేయీ పడకుండా రోబో తనంతట తానే నడవాలి. తర్వాతి రెండు నిమిషాలు దాన్ని పిల్లలు నడుపుతారు.

మా మేనకోడలి జట్టుకు అది మొదటి ఏడాది. రోబో సిద్ధమైంది. జావాలో బారెడు కోడ్ రాశారు. పోటీకి ఆరు రోజులే గడువుంది. రోబో మాత్రం అంగుళం కదల్లేదు.

మా బావ పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఉండబట్టలేక కుర్చీ ముందుకు జరిపాడు. "నాన్నా, ముట్టుకోవద్దు. ఇది మా కోడ్" అందా పిల్ల.

రాసిందంతా పక్కనపెట్టి, ఒక్క మోటారును తిప్పే నాలుగు వరుసలు రాశారు. అదీ తిరగలేదు. ఏ మోటారును ఏ పోర్టుకు తగిలించారో, దాని పేరేమిటో నమోదు చేసే జాబితా వేరే ఉంటుంది. అందులోని పేరూ, కోడ్‌లోని పేరూ పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఒకచోట పెద్దబడి అక్షరం, మరోచోట చిన్నబడి. సరిచేయగానే చక్రం తిరిగింది. రెండో మోటారును చేర్చితే రోబో ముందుకు పోకుండా ఉన్నచోటే గిరగిరా తిరిగింది. కుడి, ఎడమ మోటార్లను ఎదురెదురుగా బిగిస్తారు కాబట్టి, ఒకదాని దిశను కోడ్‌లో మార్చాలి. ఇవన్నీ కనిపెట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు సాయంత్రాలూ బావ వంటింట్లోనే గడిపాడు.

రాజధానిలో వెలువడిన ఉత్తర్వు ఊరికి చేరేలోగా ఎక్కడ ఆగిపోయిందో ఆరా తీయడం విలేకరిగా నా పని. కొత్త జట్టుకు కావలసిందీ ఆ ఓపికే. మరిన్ని ఆదేశాలు రాయడం కాదు, ఇచ్చిన ఆదేశం ఎక్కడ ఆగిందో ఒక్కో మెట్టూ చూసుకుంటూ పోవడం. అది పెద్దలు చేసిపెడితే రోబో నడుస్తుందేమో గానీ, పిల్లలకు ఆ వెతుకులాట అలవడదు.

పోటీలో వాళ్లకు బహుమతి రాలేదు. తొలి 30 సెకన్లలో రోబో నాలుగడుగులు తిన్నగా నడిచి ఆగింది. "కోడ్ మీరే రాశారా?" అని పక్క సీటాయన బావను తెలుగులోనే అడిగాడు. "నన్ను ముట్టుకోనివ్వలేదండీ" అన్నాడు బావ. అది ఫిర్యాదులా వినిపించలేదు.